వసంత ఋతువులోకి వచ్చిన మేక

బడుల్లో కొత్తగా చేరిన పంతుళ్ళు, పంతులమ్మలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. నేను ఉద్యోగం నుంచి దిగిపోయి ఏడాది కూడా కాలేదు కాబట్టి, నాలో ఇంకా కాస్త జ్ఞానం అడుగున మిగిలి ఉంటుందని వాళ్ళ ఆశ. "పిల్లలకు సొంతంగా రాసుడు ఎట్ల నేర్పాలె సార్" అని అడుగుతారు. "ముందు ఒక మేకను సంపాదించండి" అంటాను. నవ్వి, చాయ్ తాగి వెళ్ళిపోతారు. వీధిలోకి వెళ్ళాక ఒకరినొకరు చూసుకుని, కణత దగ్గర వేలు గుండ్రంగా తిప్పుకుంటారని నాకు తెలుసు. మా కిటికీ వీధి వైపే ఉంది.

అందుకని ఆ మేక సంగతి ఒక్కసారి మొత్తం రాసి పెడుతున్నాను. నాకు ఉన్నదానికంటే పెంచి చెప్పే అలవాటు లేదని ఊరంతా చెబుతుంది. ఊళ్ళో మూగవాళ్ళు కూడా చెబుతారు.

పాత సర్కారు పోయి కొత్త సర్కారు వచ్చిన రోజులవి. అంతవరకు మా వైపు బడుల్లో చదువంతా ఉర్దూలోనే. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, నిద్రలో రెండూ కలిపి. ఉన్నట్టుండి మిర్యాలగూడలో తెలుగులో ఐదో తరగతి తెరిచారు. దానికి ఒక తెలుగు పంతులు కావలసి వచ్చాడు. నాది కోదాడ, చదువుకున్నది సూర్యాపేటలో. నన్నే ఎందుకు తీసుకున్నారంటే, ఆ పొద్దున దఫ్తరు తలుపు తీయగానే ఎదురుగా కనబడిన మొదటి మనిషిని నేను. కచ్చా నౌకరీ. అంటే ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

సూర్యాపేట నుంచి బస్సులో వచ్చాను. యుద్ధం అయిపోయినా పెట్రోలు ఇంకా మా వైపు దారి కనుక్కోలేదు. బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి. బస్సు వెనకాల ఇనుప పొయ్యి, దాని పక్కన బొగ్గుల బస్తా, ఆ బస్తా కంటే నల్లగా క్లీనరు. సూర్యాపేటలో ఎక్కిన పసివాడికి మిర్యాలగూడలో దిగేసరికి మీసాలు వచ్చేవని అంటారు. నేను అది చూడలేదు, చూసినట్టు చెప్పను. నా మీసాలు మాత్రం చెవుల దాకా పెరిగాయి. ఎత్తు వచ్చిన ప్రతిచోటా ప్రయాణికులు దిగి బస్సును వెనక నుంచి నూకాలి. ఈ నూకుడు సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు అవసరమవుతుంది.

బడి ఒక షావుకారు వడ్ల గోదాములో కిరాయికి నడుస్తోంది. ఒక మూల ఇంకా బస్తాలు ఉండేవి. నేల నిండా గింజలు రాలి ఉండేవి కాబట్టి, పిల్లలతో పాటు పిచ్చుకలు, కోళ్ళు, ఎలుకలు కూడా తెలుగు నేర్చుకునేవి. పిల్లలు గోనె పట్టాల మీద కూర్చుని పలకలు ఒళ్ళో పెట్టుకునేవారు. నాలుగేళ్ళు ఉర్దూ రాసిన చేతులు గదా, మొదటి రోజు 'అ' రాయమంటే అందరూ పలక కుడి చివర మొదలుపెట్టారు. 'అ' పట్టింది. 'ఆ' రాయడానికి చోటు లేదు. చోటు కోసం పక్కవాడి పలక మీదికి వెళ్ళారు. అక్కడ తగాదా.

ఇక మా హెడ్మాస్టరు సాబ్. హైదరాబాదు మనిషి. నల్ల షేర్వానీ, ఎర్ర రూమీ టోపీ, మాట మెత్తన. ఆయన ఉర్దూ రాస్తుంటే చూడడానికి వీధిలో జనం ఆగేవారంటే నమ్మండి. తెలుగు బాగానే మాట్లాడేవారు, కానీ చదవడానికి ఒక్క అక్షరం రాదు. నల్లబల్ల మీద నా రాత చూసి, "మాష్టర్ సాబ్, ఇది రాతనా, గాజుల దుకాణమా" అనేవారు. రాజ్యం మారాక ఊళ్ళో కొందరు ఆయనకు సలాం చేయడం మానేశారు. వాళ్ళకు ఇబ్బంది కలగకుండా ఆయనే ముందుగా సలాం చేసేవారు.

నేను చేరిన కొన్నాళ్ళకే కబురు వచ్చింది. నల్లగొండ నుంచి ఇన్స్పెక్టరు తనిఖీకి వస్తాడు. ఐదో తరగతి పిల్లలు తెలుగులో సొంతంగా నాలుగు ముక్కలు రాయగలిగితే తరగతి ఉంటుంది. లేకపోతే ఎత్తేసి సూర్యాపేట బడిలో కలిపేస్తారు. సూర్యాపేటలో ఉండి చదువుకునే తాహతు మా తరగతిలో షావుకారు కొడుక్కి ఒక్కడికే ఉంది. మిగతావాళ్ళకు బడి అక్కడితో ఖతం. నా నౌకరీ కూడా ఖతమే. కానీ నేను మళ్ళీ ఏదో ఒక దఫ్తరు తలుపు ముందు నిలబడగలను. ఆ పిల్లలు ఎక్కడ నిలబడతారు?

రాయడం ఎట్లా నేర్పాలో నాకు తెలియదు. నాకెవరూ నేర్పలేదు. సూర్యాపేటలో మా పంతులు ఒక వ్యాసం చెప్పేవారు, మేము బట్టీ పట్టేవాళ్ళం. అది వసంత ఋతువు మీద. వాళ్ళ గురువు ఆయనకు ఇచ్చాడు. ఆయన మాకు ఇచ్చాడు. నేను నా పిల్లలకు ఇవ్వబోయాను. రోజుకు నాలుగు వాక్యాలు చదివేవాడిని, వాళ్ళు పలకల మీద రాసుకుని, వల్లించి, తుడిచేసేవారు. పదిహేను రోజుల్లో వసంతం మొత్తం వాళ్ళ కడుపులో ఉంది.

తనిఖీకి ముందు ఒకసారి హెడ్మాస్టరు సాబ్‌కు వినిపిద్దామని పిలిచాను. ఆయన కుర్చీలో కూర్చుని, చేతికర్ర మీద గడ్డం ఆనించి, కళ్ళు మూసుకున్నారు. పిల్లలు లేచి నిలబడి, గోదాము రేకులు లేచిపోయేటట్టు ఒక్క గొంతుతో అందుకున్నారు:

"వసంత ఋతువునందు వృక్షములు చిగురించును. కోకిలలు కూయును. భ్రమరములు ఝంకారము చేయును. ఎవడ్రా ఆ మేకను రానిచ్చింది, తలుపు మూయండి. జనులెల్లరు ఆనందముతో నుందురు."

తుమ్మెదల వాక్యం చెబుతున్న రోజున గోదాములోకి ఒక మేక వచ్చిన మాట నిజమే. నేను అరిచిన మాటా నిజమే. పంతులు నోటి నుంచి వచ్చింది ఏదైనా పలక మీద పెట్టాలని మా పిల్లలకు నేర్పింది కూడా నేనే. తరగతిలో ఒక్కరంటే ఒక్కరికి కూడా వసంతంలో మేక ఎందుకని అనుమానం రాలేదు. కోకిల ఎంత అర్థమైందో మేకా అంతే అర్థమైంది మరి.

హెడ్మాస్టరు సాబ్ కళ్ళు తెరిచారు.

"మాష్టర్ సాబ్, మీ వసంతం నాకు జర గూడ కనవడలే. మేక కనవడ్డది. తోకతోని సహా కనవడ్డది."

"పొరపాటు జరిగిందండీ. ఆ ముక్క తీయించేస్తాను."

"దాన్ని తియ్యకు. మిగిలింది తియ్యి." ఆయన పిల్లల వైపు తిరిగారు. "ఇంతకీ ఆ మేకను ఎవరు రానిచ్చిండ్రు?"

గోదాము పేలిపోయింది. అందరూ ఒక్కసారే వేళ్ళు చూపించారు, అన్ని వేళ్ళూ వేరు వేరు దిక్కులకు. "వీడు సార్" "నేను గాదు సార్, గాడు" "నువ్వు మూస్కో, తలుపు కాడ ఉన్నది నువ్వే గద". హెడ్మాస్టరు సాబ్ రెండు చెవులూ మూసుకున్నారు.

"గిట్ల ఒర్లితే నాకేం సమజ్ అయితది? రాయిండ్రి. ఒక్కొక్కలు సదువుండ్రి. నేను ఇంట."

అంతే. అన్నాళ్ళూ "ఏదైనా రాయండిరా" అంటే బలపం కొరుక్కుంటూ నన్ను చూసిన పిల్లలు, పలకల మీద పడ్డారు. ఆ బలపాల కీచుకు ఎలుకలు గోదాము ఖాళీ చేసి వేములపల్లి వైపు వెళ్ళాయి. ఒకడు "నేను రానియ్యలే" అన్న మాటనే పలక నిండే దాకా రాశాడు. షావుకారు కొడుకు, మేక తిన్నది మా వడ్లు, నాయనకు చెప్త, అని రాశాడు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఒకరి మీద ఒకరు రాశారు. రెండూ వరసగా చదివితే కచేరీలో ఫిర్యాదు, దానికి జవాబు విన్నట్టే ఉంది.

హెడ్మాస్టరు సాబ్ కళ్ళు మూసుకుని విన్నారు. చదివేది కళ్ళకు కడితే ఆయన కళ్ళు మూసే ఉండేవి. కట్టకపోతే ఒక కన్ను తెరుచుకునేది.

చివరికి తలుపు పక్కన కూర్చునే పిల్ల వంతు వచ్చింది. వాళ్ళ అమ్మ రైసుమిల్లులో చాట పట్టి బియ్యం చెరుగుతుంది. ఈ పిల్ల మాట్లాడగా నేను అంతవరకు వినలేదు. పలక ముఖానికి అడ్డం పెట్టుకుని చదివింది:

"మేకను ఎవ్వరు రానియ్యలే. అది హెడ్మాస్టరు సారు కోసం వచ్చింది. సారు జేబుల రొట్టె ముక్కలు ఉంటయి. రోజు పెడ్తడు. ఆ దినం పెట్టలే. అందుకే లోపటికి వచ్చి సూసింది."

ఆ కాలంలో పెద్దవాళ్ళ మీద, అందులోనూ హెడ్మాస్టరు మీద, ఒక పిల్ల రాయడమా? నేను బెత్తం కోసం చూశాను. కొట్టడానికి కాదు, ఎవరి చేతికీ అందకుండా దాచడానికి. హెడ్మాస్టరు సాబ్ కళ్ళు మాత్రం మూసే ఉన్నాయి.

"తర్వాత?" అన్నారు.

"తర్వాత మా సారు తలుపు మూయమన్నడు."

ఆయన కళ్ళు తెరిచి, షేర్వానీ జేబులో చెయ్యి పెట్టి, ఎండిన జొన్నరొట్టె ముక్కలు తీసి బల్ల మీద పెట్టారు. "సబూత్" అన్నారు, రుజువు అని. "బచ్చీ నిజం రాసింది. మాష్టర్ సాబ్, గిదే రాసుడంటే. నాకు సదువ రాకున్నా గింతమటుకు తెలుసు."

మర్నాడు ఆ పిల్ల తల్లి వచ్చింది. తల నిండా తవుడు, కళ్ళ నిండా భయం.

"సారూ, మా పిల్లతోని ఏం రాపిస్తున్నరు? పెద్ద సారు మీద రాసిందంట. నోటి మాటంటే గాలికి పోతది. రాసిన మాటకు పోలీసోళ్ళు వస్తరు. మా ఊర్ల ఒక్క కాయితం ముక్క దొరికిందని ఎందర్ని కొట్టిండ్రో మీకు ఎర్కలేదా?"

ఎరుకే. పోలీసులు దళాల కోసం ఊళ్ళు గాలిస్తున్న ఆ రోజుల్లో మా వైపు ఇంట్లో రాసిన కాయితం ఉందంటే చూరులో పాము ఉన్నట్టే. హెడ్మాస్టరు సాబ్ కుర్చీలోంచి లేచి సలాం చేశారు. అంత పెద్దమనిషి తనకు సలాం చేయడం చూసి ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"అమ్మా, రాసింది నా మీద. నేనేమన్నా అన్ననా? మేక గూడ ఏమన్లే."

ఆమెకు నవ్వు వచ్చింది, కొంగుతో ఆపుకుంది. "సరే సారు. పలక మీద ఏదన్న రాయనియ్యి, తుడిస్తే పోతది. కాయితం మీద మాత్రం వద్దు. ఈ ఊర్ల తరగతి ఉన్నన్ని దినాలు సదువుతది. సూర్యాపేటకు పంపమంటే నాతోని కాదు, నాతో పాటు మిల్లుల చాట పడతది. ముందుగాలనే చెప్తున్న."

ఆ రోజు నుంచి తనిఖీ దాకా మా వసంతాన్ని వదిలేశాం. బడికి వచ్చే దారిలో నీకు భయమేసే చోటు రాయి. మీ ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఎవరో రాయి. మీ అవ్వకు, అంటే అమ్మకు, కోపమొస్తే ఏం చేస్తుందో రాయి. మధ్యాహ్నం బెల్లు కొట్టాక హెడ్మాస్టరు సాబ్ వచ్చి కూర్చుని కళ్ళు మూసుకునేవారు. "మా ఊరు చాలా అందముగా నుండును" అని ఎవడైనా చదివితే ఒక కన్ను తెరుచుకునేది. ఆ ఒంటికన్ను చూపుకు పిల్లవాడు వెంటనే పలక తుడిచేసుకునేవాడు. "మా ఊర్ల కుక్కలు సారును సూస్తే మొరగవు, పటేలును సూస్తేనే మొరుగుతయి" అని చదివితే మూసిన కళ్ళ కింద మీసం కదిలేది. నేను ఒక్కో వాక్యంలో తప్పులు దిద్దేవాడిని. ఆయన ఏదీ దిద్దలేదు, విన్నారు. పిల్లలు రాసింది నా దిద్దుబాటు కోసం కాదు, ఆ మూసిన కళ్ళ కోసం. కొత్త పంతుళ్ళారా, నా ఉద్యోగం మొత్తంలో నేను నేర్చుకున్న విద్య ఇదొక్కటే, అదీ తెలుగు చదవడం రాని మనిషి దగ్గర.

తనిఖీ రోజు రానే వచ్చింది.

పొద్దున నేను వచ్చేసరికి గోదాము గుమ్మం దగ్గర ఒక జత తోలు చెప్పులు ఉన్నాయి. మంచివి, కిర్రు చప్పుడు చేసే రకం. చెప్పులు ఉన్నాయి గానీ మనిషి లేడు. చాలాసేపటికి ఇన్స్పెక్టరు గారు వచ్చారు. కృష్ణకు అవతలి వైపు మనిషి, కొత్తగా మా జిల్లాకు వచ్చినవాడు. బొజ్జ ముందు వచ్చింది, ఆయన కాసేపటికి వచ్చారు. తెల్లటి ధోవతి వెనక వైపు మాత్రం తెల్లగా లేదు. ఆయన గుమ్మం దగ్గర ఆ చెప్పుల్ని చూసి, దయ్యాన్ని చూసినట్టు ఆగిపోయారు. చూస్తే ఆయన కాళ్ళకు చెప్పులు లేవు.

"హుజూర్, సఫర్ మంచిగ అయిందా?" అని హెడ్మాస్టరు సాబ్ అడిగారు.

ఇన్స్పెక్టరు గారు చెప్పుల మీద నుంచి చూపు మళ్ళించుకున్నారు. "ఆఁ, హాయిగా జరిగిందండీ. జీపులో వచ్చాను."

పిల్లలంతా విన్నారు. తలుపు పక్కన పిల్ల తల ఎత్తి ఆయన్ను చూసి, మళ్ళీ దించుకుంది.

ఆయన నల్లబల్ల మీద అంశం రాశారు. రైలు ప్రయాణము.

"అయ్యా, ఇక్కడికి రైలు లేదండీ. కోదాడకు లేదు, సూర్యాపేటకు లేదు. పిల్లలెవరూ చూడలేదు" అన్నాను.

"వ్యాసం వ్రాయడానికి రైలెందుకండీ? ఏ పాఠశాలలో నైనా వ్రాసేదే."

తన సంచిలోంచి కాయితాలు, కలాలు, సిరాబుడ్లు తీసి పంచిపెట్టమన్నారు. కాయితం. ఆ పిల్ల ముందు కాయితం పెట్టాను. దాన్ని ముట్టుకోలేదు. వాళ్ళమ్మ మాట నాకూ గుర్తే, ఆ పిల్లకూ గుర్తే. బలపం పట్టుకునే వేళ్ళతో గోనెపట్టా పోగులు లాగుతోంది. తర్వాత మెల్లగా తల తిప్పి హెడ్మాస్టరు సాబ్‌ను చూసింది. ఆయన కుర్చీలో కూర్చుని, ఆ పిల్ల వైపే చూస్తూ, కళ్ళు మూసుకున్నారు.

పిల్ల కలం తీసుకుంది.

కొంతసేపటికి ఇన్స్పెక్టరు గారు లేచి వరసల మధ్య తిరుగుతూ చదవసాగారు. ముఖం మబ్బు పట్టింది.

"'నేను రైలు చూడలే, మా మామ చూసిండు.' ఏమండీ మాస్టారూ, చూసిండు ఏమిటి? ఇది తెలుగేనా?"

"వాళ్ళ ఇళ్ళల్లో తెలుగేనండీ."

"ఇళ్ళల్లో ఏం మాట్లాడుకుంటే నాకెందుకు? వ్రాతకు ఒక పద్ధతి ఉండద్దూ? ఇంజను కూత ఏది, కిటికీలోంచి ప్రకృతి ఏది?" ఇంకో నాలుగు కాయితాలు చూసి బల్ల మీద పెట్టేశారు. "లాభం లేదు. ఈ తరగతిని సూర్యాపేటలో కలపడమే నయం."

పిల్లలకు ఆ మాట అర్థమైంది. ఒకడు పక్కవాణ్ణి "ఇగ బడి లేదారా" అని అడగడం నాకు వినబడింది. 

హెడ్మాస్టరు సాబ్ లేచి చేతులు కట్టుకుని నిలబడ్డారు. "హుజూర్, నాకు తెలుగు సదువ రాదు. అందుకని నేను ఇంట. మీరు గూడ ఒక్కటి ఇనుండ్రి. తర్వాత మీ ఇష్టం." ఇన్స్పెక్టరు గారి జవాబు కోసం ఆగకుండా తలుపు వైపు తిరిగారు. "బేటా, సదువు."

ఆ పిల్ల లేచింది. కాయితం ముఖానికి దగ్గరగా పట్టుకుంది.

"నేను రైలు చూడలే. ఈ దినం పొద్దుగాల మా అవ్వ, నేను బస్సు ఎక్కినం. మా అమ్మమ్మ ఊరు వేములపల్లి. వేములపల్లి దాటినంక బస్సు ఆగింది. అందరు దిగి నూకిండ్రు. ఒక పెద్దాయన దిగలే. డ్రైవరు, అయ్యా జర దిగుండ్రి, మీరు బరువున్నరు, అన్నడు. పెద్దాయన దిగి ఊకె నిలవడ్డడు. మా అవ్వ నూకుతుంటె సూసిండు. సూసి, చెప్పులు ఇడిసి బస్సుల పెట్టి, ధోతి ఎగగట్టి, తను గూడ భుజం పెట్టిండు. అందరికంటె ఆయననే గట్టిగ నూకిండు. బస్సు ఉరికింది. పెద్దాయన గట్టు మీదికెళ్ళి జారి పొలంల కూసున్నడు. ఎవ్వరు నవ్వలే. ఆయననే ముందుగాల నవ్విండు. బస్సు కదిలిందని బురద చేతులతోని చప్పట్లు కొట్టిండు. ఆపితే మల్ల ఆగిపోతదని డ్రైవరు ఆపలే. మేం ఉరికి ఎక్కినం. పెద్దాయన అందుకోలేకపోయిండు. ఆయన చెప్పులు మా అవ్వ తెచ్చి బడి గుమ్మం కాడ పెట్టింది."

చదవడం అయిపోయింది. నేను నేల మీద గింజలు లెక్కపెట్టుకుంటున్నాను. జీపు అనే మాట గోదాము దూలానికి గబ్బిలం మాదిరి వేలాడుతున్నట్టు అనిపించింది. ఎవరైనా తల ఎత్తితే కింద పడుతుంది. ఎవరూ ఎత్తలేదు.

చివరికి నేనే ధైర్యం చేసి చూశాను. ఇన్స్పెక్టరు గారి కళ్ళు మూసి ఉన్నాయి.

పిల్లల ముఖాలు వెలిగిపోయాయి. కళ్ళు మూసుకుంటే బాగున్నట్టు గదా వాళ్ళ లెక్క. మనుషులు కోపం దిగమింగుకోవడానికి కూడా కళ్ళు మూసుకుంటారని వాళ్ళకు తెలియదు. నాకు తెలుసు.

"తరువాత?" అన్నారు ఇన్స్పెక్టరు గారు, కళ్ళు తెరవకుండానే.

"తర్వాత నాకు తెల్వది సార్. నేను బస్సుల ఉన్న. తొవ్వల ఉన్నది మీరే."

ఇన్స్పెక్టరు గారు అందుకున్నారు. "తరువాత ఒక వడ్ల బండి వచ్చిందమ్మా. బండాయన ఎవరని కూడా అడగలేదు, బస్తాల మీద కూర్చోబెట్టుకున్నాడు. రెండెడ్లలో ఎడమ వైపుది మటుకు దారి పొడుగునా వెనక్కి తిరిగి నన్నే చూసింది."

"అది గూడ రాయాల్నా సార్?"

ఆయన కళ్ళు తెరిచారు. "రాయి. ఎద్దు చూసిన సంగతి తప్పకుండా రాయి. ఎట్లా చెబుతావో అట్లాగే రాయి."

పిల్ల కూర్చుని కలం సిరాలో ముంచింది.

ఇన్స్పెక్టరు గారు గుమ్మంలో తన చెప్పులు తొడుక్కుంటూ మా ఇద్దరినీ దగ్గరికి పిలిచారు. "తరగతి ఇక్కడే ఉంటుంది. వచ్చే ఏడు ఆరో తరగతి కూడా తెరిపిస్తాను." నాలుగడుగులు కిర్రుమంటూ వేసి, ఆగి, వెనక్కి చూశారు. "రైలు ప్రయాణము ఇంకెక్కడా ఇవ్వను లెండి."

గోడ పక్కన పిల్ల తల్లి నిలబడి ఉంది. మిల్లుకు పోలేదు. పిల్ల బయటికి రాగానే చెయ్యి పట్టుకుంది.

"ఏమన్నడే?"

"ఎద్దు సంగతి రాయమన్నడు అవ్వా."

"కాయితం మీదనా?"

"కాయితం మీదనే."

తల్లి పిల్ల వేళ్ళకు అంటిన సిరా కొంగుతో తుడిచింది. "అయితే మంచిగ రాయి. బరువున్నడని సదివినవు, ఇక్కడికి ఇనవడ్డది, అది ఒక్కటి కొట్టెయ్యి. పెద్దోళ్ళు."

ఆ పిల్ల ఇప్పుడు మాడుగులపల్లి వైపు పంతులమ్మ. ఇది రాయడం మొదలుపెట్టాక ఆమెకు చదివి వినిపించాను. కళ్ళు మూసుకునే విన్నది, మీసాలు మొలిచిన పసివాడి దగ్గర మాత్రం ఒక కన్ను తెరిచింది. "సార్, బస్సు గంత మెల్లగ పోలే" అన్నది. నేను తుడవలేదు. నాకు అది ఒక్కటే బలహీనత.

ఏడాది తిరక్కముందే హెడ్మాస్టరు సాబ్‌కు హైదరాబాదుకు బదిలీ అయింది. తర్వాత నేను సూర్యాపేటలోనూ, మా కోదాడలోనూ ఎన్నో బడుల్లో పని చేశాను. ఎందరో హెడ్మాస్టర్లను చూశాను, తెలుగు, ఇంగ్లీషు నమిలి మింగినవాళ్ళు కూడా ఉన్నారు. పిల్ల చదువుతుంటే కళ్ళు మూసుకున్నవాడు మళ్ళీ కనబడలేదు. నేను తిన్న ప్రతి ముద్దలో ఆయన జొన్నరొట్టె ముక్క ఒకటి ఉందని మా ఇంట్లో చెబుతుంటాను. మా ఆవిడ పళ్ళెంలో వెతికి, కనబడలేదంటుంది.

ఆయన వెళ్ళిపోయే రోజు పిల్లలంతా గోదాములో చేరారు. నేను వీడ్కోలు ఉపన్యాసం ఒకటి తయారు చేసుకున్నాను. అందులో కోకిలలు, తుమ్మెదలు చాలా ఉన్నాయి. నేను గొంతు సవరించుకునేలోపు ఆయన చెయ్యి ఎత్తి ఆపారు. సుద్దముక్క తీసుకుని నల్లబల్ల దగ్గరికి వెళ్ళారు. తలుపు పక్కన పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పుడు తెలిసింది, బడి అయ్యాక రోజూ వాళ్ళిద్దరూ గోడ పక్కన కూర్చుని ఏం చేస్తున్నారో. ఆ పిల్ల ఆయనకు తెలుగు రాయడం నేర్పుతోంది.

అలవాటు కొద్దీ ఆయన బల్ల కుడి చివరే మొదలుపెట్టారు. 'మేకను' అని రాసేసరికి బల్ల అయిపోయింది. ఆయన ఆగలేదు, గోడ మీదికి వెళ్ళారు. ఒక్కో అక్షరం గుమ్మడికాయంత, ఆ మాత్రం కొలత నేను తప్పు చెప్పను. బస్తాలు అడ్డం వస్తే షావుకారు కొడుకు, ఇంకో ఇద్దరు పోయి జరిపారు. వాక్యం మూల దాకా పోయి ఆగింది.

మేకను రానిచ్చింది నేనే.

ఆ తర్వాత నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ, షావుకారు గోదాముకు సున్నం వేయించినప్పుడల్లా ఆ గోడకు నేను అడ్డం నిలబడ్డాను.

ఆయన సుద్ద చేతులు షేర్వానీకి తుడుచుకుని నా వైపు తిరిగారు. "మాష్టర్ సాబ్, కనవడ్డదా?"

కళ్ళు మూసుకున్నాను. తోకతో సహా కనబడింది.